ఎద్వార్ గుబేర్: పారిస్ ఎంపీ, పుదుచ్చేరి సీఎం, మధ్యలో యానాం ఓటరు

మన దేశంలో కండువా మార్చిన ముఖ్యమంత్రులకు కొదవలేదు. ఏకంగా పార్లమెంటునే మార్చినవాడు మాత్రం ఒక్కడే. ఎద్వార్ గుబేర్ 1951లో, అప్పట్లో ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరి, యానాం లాంటి ఊళ్ళ నుంచి, పారిస్‌లోని ఫ్రెంచి జాతీయ సభకు ఎన్నికయ్యాడు. 1954లో ఆ సభ గడువు ఇంకా తీరకముందే ఇండియా వైపు వచ్చేశాడు. 1963లో పుదుచ్చేరికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. పుదుచ్చేరి టూరుకెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది ఆయన పేరు మీదే నడిచి వచ్చి ఉంటారు. గాంధీ విగ్రహం, పాత లైట్‌హౌస్ ఉన్న ఆ బీచ్ రోడ్డు అసలు పేరు గుబేర్ అవెన్యూ. ఊళ్ళో పెద్ద మార్కెట్ కూడా గుబేర్ మార్కెట్టే. అందరూ అక్కడ సెల్ఫీలు దిగుతారు, ఐస్‌క్రీమ్ తింటారు. బోర్డు మీద ఉన్న పేరు ఎవరిదని అడిగినవాళ్ళని నేను చూళ్ళేదు.

తెలిసినవాళ్ళు మాత్రం రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరికి ఆయన విలీనాన్ని సాధించిపెట్టిన నాయకుడు. ఇంకొకరికి గాలివాటం చూసి గోడ దూకిన అవకాశవాది. ఈ రెండూ నాకు సరిపోవు. ఆయన దూకాడా లేదా అన్నది చిన్న విషయం. ఆయన్ని పారిస్‌కి పంపిన ఎన్నికల యంత్రాంగం, పుదుచ్చేరిని ఇండియాలో కలిపిన యంత్రాంగం, రెండూ ఒకటే. మొదటిదాన్ని రిగ్గింగ్ అంటున్నాం, రెండోదాన్ని ప్రజాభీష్టం అంటున్నాం. నా పేచీ అక్కడ. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ అడగని మనిషి ఒకడున్నాడు. వాడు మన తెలుగువాడే, యానాం ఓటరు.

ముందు ఆ ఓటు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే అది మామూలు ఓటు కాదు. 1848 విప్లవం తర్వాత ఫ్రాన్సు తన వలసలకి పార్లమెంటులో సీట్లు ఇచ్చింది, అందులో ఇండియాకి ఒకటి. మూడో నెపోలియన్ వచ్చి దాన్ని ఎత్తేశాడు. ఆయన పోయాక 1870ల్లో ఆ సీటు తిరిగి వచ్చింది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందన్‌నగర్, యానాం, ఐదూ కలిపి ఒకే నియోజకవర్గం. తమిళం, మలయాళం, బెంగాలీ, తెలుగు మాట్లాడే ఊళ్ళు కలిసి పారిస్‌కి ఒక మనిషిని పంపాలి! ఇలాంటి నియోజకవర్గం ప్రపంచంలో ఇంకోటి ఉండి ఉంటుందా అని నాకు అనుమానమే.

అయినా ఒక్కసారి ఆలోచించండి. గౌతమి ఒడ్డున యానాంలో ఉన్న రైతుకి 1870ల్లోనే ఓటుంది. గట్టు దాటితే ఇంగ్లీషు వాళ్ళ ఇలాకా, అక్కడి రైతుకి ఏమీ లేదు. తర్వాత కూడా ఆస్తి, పన్ను, చదువు చూసి కొందరికే ఇచ్చారు. అందరికీ ఓటు అన్నది కాకినాడ వాళ్ళు చూసింది స్వతంత్ర భారతంలో 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లోనే. యానాం వాళ్ళు అంతకు కొన్ని నెలల ముందు, 1951 జూన్‌లో, ఫ్రెంచి పార్లమెంటుకి ఓట్లేసేశారు. అప్పటికి ఆడవాళ్ళకీ ఓటుంది.

మా గోదావరి వైపు యానాం అంటే గుర్తున్న విషయాలు వేరు. మా అమ్మమ్మ వాళ్ళ అక్కకి యానాంలో పెళ్ళి చేశారు. శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లలకి పెళ్ళి చేస్తే ఇంగ్లీషు ఇలాకాలో కేసు. అందుకని ఎడ్లబళ్ళు కట్టుకుని యానాం పోయి, అక్కడ తాళి కట్టించి, తెల్లారేసరికి వెనక్కి వచ్చేసేవారు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడిపోయింది. మంగళవారం సంత, చవక సరుకు, సారా, బాల్య వివాహాలు, ఇవీ యానాం జ్ఞాపకాలు. అక్కడి జనం పారిస్ పార్లమెంటుకి ఎంపీని ఎన్నుకునేవారని మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. తెలీకపోవడానికి కారణం కూడా ఉంది. ఓటు కాగితం మీద ఉన్నంత గట్టిగా పెట్టెలో ఎప్పుడూ లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలోనే ఈ సీటు సంగతి ఫ్రాన్సులో నవ్వులపాలైంది. ఇండియా ముఖం చూడని పారిస్ పెద్దమనుషులు ఇండియా ఎంపీలుగా గెలిచేవారు. పుదుచ్చేరిలో చక్రం తిప్పే స్థానిక నాయకుడితో బేరం కుదిరితే చాలు, ఊళ్ళకి ఊళ్ళు ఒకే పేరుకి ఓటేసినట్టు లెక్క వచ్చేది. పోలింగ్ కేంద్రం మేయరు చేతిలో, మేయరు పార్టీ చేతిలో. ఓటరు రాకపోయినా ఓటు పడిపోయేది. గుబేర్ దీన్ని కనిపెట్టలేదు. వారసత్వంగా వచ్చిన బండి అది, ఆయన దాన్ని అందరికంటే బాగా తోలాడు.

ఆయన 1894లో పుదుచ్చేరిలో పుట్టాడు. ఫ్రెంచి, భారతీయ రక్తం కలిసిన కుటుంబం. కోర్టు ఉద్యోగంలో కుదురుకుని, యాభై దాటాక పూర్తిస్థాయి రాజకీయాల్లోకి దిగాడు. అప్పటికి పుదుచ్చేరిలో గట్టి నాయకుడు కమ్యూనిస్టు వి. సుబ్బయ్య. మిల్లు కార్మికుల సమ్మెలు నడిపి పైకొచ్చిన మనిషి. ఆయన్ని ఆపడానికి ఫ్రెంచి అధికారులకి ఒక స్థానికుడు కావాలి. గుబేర్ 1947లో ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పార్టీ పెట్టాడు. పేరులో సోషలిజం ఉంది గానీ పని మాత్రం ఊరి పెద్దల్ని, మేయర్లని, భూస్వాముల్ని ఒక్క తాటి మీదకి తేవడం. 1948 అక్టోబరు మునిసిపల్ ఎన్నికల్లో ఆ పార్టీ ఊడ్చేసింది. 1950లో సుబ్బయ్య ఇల్లు తగలబెట్టారు.

ఆ మునిసిపల్ ఎన్నికలు ఎందుకంత ముఖ్యమయ్యాయంటే, 1948 జూన్‌లో ఇండియా, ఫ్రాన్సు ఒక ఒప్పందానికి వచ్చాయి. ఈ ఊళ్ళు ఎవరితో ఉండాలో అక్కడి జనమే ఓటేసి తేల్చుకుంటారు, ఆ ఓటింగు ఎప్పుడు, ఎలా అన్నది మునిసిపల్ సభలు నిర్ణయిస్తాయి అని. ఫ్రాన్సుకి వేరే దారి కూడా లేదు. 1946 నాటి వాళ్ళ రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం, అక్కడి జనం ఒప్పుకోకుండా ఏ భూభాగాన్నీ వదులుకోవడం చెల్లదు. మంచి నియమమే, కాదనను.

చందన్‌నగర్‌లో ఆ నియమం అక్షరాలా అమలైంది. 1949 జూన్ 19న జనం నేరుగా ఓటేశారు. ఇండియాతో కలవాలన్నవాళ్ళు దాదాపు ఏడున్నర వేలు, వద్దన్నవాళ్ళు 114. కలకత్తా పక్కన ఉన్న ఊరు, ఫలితం అలాగే ఉంటుందని అందరికీ తెలుసు. పుదుచ్చేరిలో ఫ్రెంచి పక్షానికి వణుకు పుట్టింది కూడా అందుకే. మిగిలిన నాలుగు చోట్లా ఆ ఓటింగు వాయిదా పడుతూ వచ్చింది. 1951లో తటస్థ పరిశీలకులు వచ్చి ఊళ్ళు తిరిగారు. ఈ వాతావరణంలో స్వేచ్ఛగా ఓటింగు జరగదని వాళ్ళు తేల్చారు. బెదిరింపులు, గూండాగిరీ కళ్ళారా చూసి వెళ్ళారు మరి.

వాళ్ళు వెళ్ళాక, 1951 జూన్ 17న, జాతీయ సభ ఎన్నిక. గుబేర్‌కి పోటీగా సిట్టింగ్ సభ్యుడు లాంబెర్ సరవణ. చదువుకున్న మనిషి, 1946 నుంచి ఆ సీటు ఆయనదే, నెమ్మదిగా విలీనం వైపు మొగ్గుతున్నవాడు. పోలైన ఓట్లలో దాదాపు అన్నీ గుబేర్‌వే. సరవణకి పడినవి వందల దగ్గరే ఆగిపోయాయి. ఐదేళ్ళు ఎంపీగా ఉన్న మనిషికి తన చుట్టాలు, శిష్యులు కూడా ఓటేయలేదా? వేసే ఉంటారు. పెట్టెలోంచి బయటికి రాలేదు, అంతే. మన దగ్గర ఏకగ్రీవాలు ఎలా అవుతాయో తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అలా గెలిచి గుబేర్ పారిస్ వెళ్ళాడు. అది ఫ్రాన్సులో నాలుగో రిపబ్లిక్ కాలం, అంటే 1946 రాజ్యాంగం నడిచిన రోజులు. 12 ఏళ్ళలో 20కి పైగా ప్రభుత్వాలు మారిన కాలం. ఒక్కో ఓటు బరువుగా ఉండే సభ. వలస ప్రాంతాల సభ్యుడి ఓటుకీ పారిస్ సభ్యుడి ఓటుకీ విలువలో తేడా లేదు. కాబట్టి పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్లు ఈయన జోలికి అంత తేలిగ్గా వెళ్ళేవారు కారు. ఎంపీ పదవి ఆయనకి పారిస్‌లో ఉపన్యాసాలివ్వడానికి కాదు, పుదుచ్చేరిలో నిలదొక్కుకోవడానికి పనికొచ్చింది. మన ఎంపీలు ఢిల్లీ పలుకుబడిని జిల్లాలో వాడుకోవడం లాంటిదే.

మరి అంత బాగా నడుస్తున్న దుకాణాన్ని 1954లో ఎందుకు కట్టేశాడు? ఇక్కడ మ్యాపు చూడాలి. పుదుచ్చేరి ఒక ముక్కగా ఉండదు. కత్తిరించి విసిరేసిన గుడ్డ పీలికల్లా ఫ్రెంచి గ్రామాలు, మధ్యలో భారత గ్రామాలు. పుదుచ్చేరి నుంచి బాహూరు వెళ్ళాలన్నా, నెట్టపాక్కం వెళ్ళాలన్నా భారత భూమి దాటాలి. ఇండియా 1949లో కస్టమ్స్ ఒప్పందం తెంచేసింది. ఆ తర్వాత సరిహద్దు బిగించుకుంటూ వచ్చింది. పర్మిట్లు లేనిదే మనిషి కదలడానికి లేదు, సరుకు రావడానికి లేదు. మొదట్లో ఈ సరిహద్దే స్మగ్లింగ్‌కి వరం, గుబేర్ అనుచరుల్లో దానిమీద బతికినవాళ్ళు చాలామంది. బిగింపు ఎక్కువయ్యేసరికి అదే ఉరి అయింది. పైగా ఫ్రెంచి యంత్రాంగమే ఆయన మీద అవినీతి ఆరోపణలు తవ్వడం మొదలుపెట్టింది. ఇండోచైనాలో, అంటే వియత్నాం వైపు, ఓడిపోతున్న ఫ్రాన్సు ఇక్కడ ఎక్కువ కాలం ఉండదని కళ్ళున్నవాడికెవరికైనా తెలుస్తోంది.

1954 మార్చి 18న పుదుచ్చేరి ప్రాంత మేయర్లు తీర్మానం చేశారు, ఇండియాలో కలిసిపోతాం అని. ఆ తీర్మానంలో ఒక చిన్న ముక్క ఉంది, దాన్ని అందరూ దాటేసి పోతారు. జనాభిప్రాయ సేకరణ అక్కర్లేదు అని. జనాన్ని అడగాలని ఒప్పందం ఉన్నప్పుడు ఆ ఓటింగు స్వేచ్ఛగా జరగనివ్వనిది వీళ్ళే. ఇప్పుడు వీళ్ళే జనాన్ని అడగొద్దంటున్నారు. రెండుసార్లూ కారణం ఒకటే, జనం ఏమంటారో వాళ్ళ అదుపులో ఉండదు. మార్చి ఆఖరికి గుబేర్ నెట్టపాక్కం చేరి భారత జెండా ఎగరేసి, తాత్కాలిక ప్రభుత్వం అన్నాడు. పారిస్‌లో ఆయన కుర్చీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది!

యానాం మాటకొస్తే అక్కడ కథ వేరే రకంగా నడిచింది. ఒకప్పుడు ఫ్రెంచి పోలీసులో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేసిన దడాల రఫేల్ రమణయ్య విలీన ఉద్యమంలోకి వచ్చి, 1954 జూన్ 13న భారత భూభాగం వైపు నుంచి వాలంటీర్లని తీసుకొచ్చి యానాంని స్వాధీనం చేసుకున్నాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. రమణయ్యది తెగువ, అందులో సందేహం లేదు. తన ఊరి కోసం తన ఉద్యోగాన్నీ ప్రాణాన్నీ పణంగా పెట్టాడు. గుబేర్‌తో పోల్చడం ఆయనకి అన్యాయం. కానీ నా ప్రశ్న అలాగే మిగిలింది. 80 ఏళ్ళ పాటు పేరుకి ఓటు హక్కున్న యానాం జనం, తమ బతుకుల్ని మార్చే ఒకే ఒక్క ప్రశ్న మీద ఒక్కసారైనా నేరుగా ఓటేశారా? వేయలేదు. ఎవరో పారిస్ పెద్దమనిషికి వేశారు, గుబేర్‌కి వేశారు, వేయకపోయినా వేసినట్టు రాసుకున్నారు. అసలు ప్రశ్న వచ్చేసరికి బ్యాలెట్టు లేదు.

పుదుచ్చేరి వాళ్ళకీ లేదు. 1954 అక్టోబరు 18న కీళూరు అనే పల్లెటూళ్ళో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది సమావేశమయ్యారు. 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకం. ఆ స్థలంలో ఇప్పుడు స్మారకం ఉంది, ఓటేసినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి. ఏటా ఆగస్టు 16న జెండా ఎగరేస్తారు. ఫ్రెంచి రాజ్యాంగం అడిగిన 'జనం సమ్మతి' ఈ 170 చేతులే. వీళ్ళెవరు? మునిసిపల్ సభ్యులు, ప్రతినిధి సభ సభ్యులు. వాళ్ళలో ఎక్కువమందిని గెలిపించింది గుబేర్ పార్టీ యంత్రాంగమే, పరిశీలకులు వచ్చి చూసి పెదవి విరిచిన ఆ ఎన్నికల పద్ధతిలోనే.

1951 ఎన్నిక దొంగ ఎన్నిక అయితే, ఆ చేతుల్లోంచి వచ్చిన 1954 ఓటు పవిత్రం ఎలా అవుతుంది? ఇదే మాట ఒకసారి స్నేహితుల మధ్య అంటే, "అయితే విలీనం తప్పంటావా?" అని మీద పడ్డారు. అనను. నేరుగా ఓటింగు పెట్టి ఉంటే విలీనమే గెలిచేదని నా నమ్మకం. చందన్‌నగర్ లెక్క కళ్ళ ముందుంది. జనానికి చుట్టాలు, పొలాలు, పెళ్ళి సంబంధాలు అన్నీ గట్టుకి అవతలే. గెలిచే ఓటింగుని కూడా పెట్టకుండా తప్పించడమే నాకు మింగుడుపడనిది. భయం ఫలితం గురించి కాదు, అలవాటు తప్పుతుందని. ఒకసారి జనం నేరుగా నిర్ణయం తీసుకుంటే, రేపు మేయర్ని కూడా నేరుగా నిలదీస్తారు.

గుబేర్ పక్షాన ఒక వాదన ఉంది, అది బలమైనదే. ఆయన గోడ దూకకపోతే నెత్తురు పారేది. పోర్చుగీసు వాళ్ళు మొండికేసిన గోవాలో 1961 డిసెంబరులో సైన్యం వెళ్ళాల్సి వచ్చింది. పుదుచ్చేరిలో అలా జరగలేదు. 1954 జూన్‌లో ఫ్రెంచి ప్రధాని అయిన పియెర్ మెండేస్ ఫ్రాన్స్ ఇండోచైనాతో పాటు దీన్నీ తెంచుకోవాలనుకున్నాడు, ఆయనకి ఒక గౌరవప్రదమైన సాకు కావాలి, గుబేర్ మనుషులు ఆ సాకు ఇచ్చారు. నవంబరు 1న అధికారం శాంతిగా చేతులు మారింది. సరిగ్గా ఆ రోజే ఫ్రెంచి ఏలుబడిలోనే ఉన్న అల్జీరియాలో తిరుగుబాటు తుపాకులు పేలాయి. ఒకే దేశం, ఒకే తేదీ, ఒక చోట సంతకాల తర్వాత అప్పగింత, ఇంకోచోట దాదాపు ఎనిమిదేళ్ళ యుద్ధం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుబేర్ అవకాశవాదం చవగ్గానే పడిందనిపిస్తుంది. ఈ మాట నేను ఇష్టంగా ఒప్పుకుంటాను. సిద్ధాంతం కోసం ప్రాణాలు తీసేవాడికంటే, లెక్కలు చూసుకుని దిగిపోయేవాడు కొన్నిసార్లు నయం.

అయితే ఆ ఘనత ఆయన ఖాతాలో వేయాలంటే, 1948 నుంచి ఆరేళ్ళు నడిచిన దౌర్జన్యాన్ని కూడా ఆ ఖాతాలోనే రాయాలి. తగలబడ్డ ఇళ్ళు, ఊరొదిలి భారత భూభాగంలో తలదాచుకున్న విలీనవాదులు, బయటికి రాని ఓట్లు. రోడ్డుకి పేరు పెట్టేటప్పుడు ఈ రెండో పద్దు ఎవరూ చదవరు.

తర్వాతి కథ కొంచెం తమాషాగా ఉంటుంది. అధికారం చేతులు మారింది గానీ చట్టం మారలేదు. బదిలీ ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి, ఫ్రెంచి పార్లమెంటు మాత్రం దాన్ని ఆమోదించకుండా నాన్చింది. పుదుచ్చేరిని వదిలితే అల్జీరియాని కూడా వదలమంటారని అక్కడి మితవాదుల భయం. 1962 జులైలో అల్జీరియా స్వతంత్రమయ్యాక గానీ ఆ ముడి విడలేదు. ఆగస్టు 16న కాగితాలు మార్చుకున్నారు. అంటే దాదాపు ఎనిమిదేళ్ళు యానాం మనిషి పాలన రీత్యా ఇండియాలో, చట్టం రీత్యా ఫ్రాన్సులో ఉన్నాడు. ఎంపీ సీటు మాత్రం అంతకు ముందే మాయమైంది. గుబేర్ ఎన్నికైన సభ 1955 డిసెంబరులో రద్దయింది, 1956 జనవరి ఎన్నికల్లో ఫ్రెంచి ఇండియాకి సీటే లేదు. చట్టప్రకారం ఫ్రెంచి పౌరులు, ఫ్రెంచి పార్లమెంటులో గొంతు లేదు. దీని మీద ఎవరూ ధర్నా చేసినట్టు లేదు. ఎప్పుడూ తమది కాని గొంతు పోయిందని ఎవరు ఏడుస్తారు?

గుబేర్ ఈలోగా కాంగ్రెస్ నాయకుడైపోయాడు. 1963 జులై 1న కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ వచ్చింది, డెబ్భైకి దగ్గరపడ్డ వయసులో ఆయన ముఖ్యమంత్రి. పారిస్ సభలో కూర్చున్న మనిషి పుదుచ్చేరి సభలో కూర్చున్నాడు. ఎదురుగా ప్రతిపక్షంలో ఎవరనుకున్నారు, ఇల్లు తగలబడ్డ సుబ్బయ్య పార్టీ! ఆ కుర్చీ ఆయనకి ఏడాదికి కొంచెం ఎక్కువ దక్కింది. 1964 ఎన్నికలయ్యాక సెప్టెంబరులో వెంకటసుబ్బ రెడ్డియార్ ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీలో బలాబలాలు మారాయి, లెక్క చూసుకున్నవాళ్ళు కొత్త గట్టుకి చేరారు. ఆ లెక్కలు చూడటం వాళ్ళకి నేర్పింది గుబేరే. 1979లో ఆయన పోయాడు.

ఫ్రెంచి పార్లమెంటు ఓటు మాత్రం పుదుచ్చేరిలో పూర్తిగా చావలేదు. 1962లో పౌరసత్వం ఎంచుకోవడానికి ఆరు నెలలు గడువిచ్చారు. ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్న కుటుంబాల వారసులు పుదుచ్చేరి చుట్టుపక్కల ఇప్పటికీ వేల సంఖ్యలో ఉన్నారు. 2012 నుంచి విదేశాల్లో ఉన్న ఫ్రెంచి పౌరులకి జాతీయ సభలో 11 సీట్లు పెట్టారు. ఇండియా 11వ నియోజకవర్గంలోకి వస్తుంది, రష్యా నుంచి ఆస్ట్రేలియా దాకా అందులోదే. అధ్యక్ష ఎన్నికలొచ్చినా, జాతీయ సభ ఎన్నికలొచ్చినా పుదుచ్చేరిలో ఫ్రెంచి పోలింగ్ కేంద్రాలు తెరుస్తారు, చీరల్లో, పంచెల్లో జనం వరుసలో నిలబడతారు, మన టీవీ చానళ్ళు వింతగా చూపిస్తాయి. ఇప్పుడు ఆ ఓట్లు ఒకరి గుప్పిట్లో లేవు, పోటీ చేసేవాళ్ళు వచ్చి అడుక్కోవాల్సిందే.

యానాంకి పుదుచ్చేరి శాసనసభలో ఒక్క సీటు. లోక్‌సభకి వేరే సీటు లేదు, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరితో కలిపే ఎంపీని ఎన్నుకోవాలి. ప్రచారానికి వచ్చే అభ్యర్థులు తమిళంలో మొదలుపెట్టి, పక్కనున్నవాడు తెలుగులో చెబుతుంటే ఆగి ఆగి మాట్లాడతారు. కాకినాడ గంట దూరం కూడా లేదు, అక్కడి ఎంపీతో వీళ్ళకి సంబంధం లేదు. ఆంధ్రలో కలపాలా, పుదుచ్చేరితోనే ఉంచాలా అన్న మాట అప్పుడప్పుడూ లేస్తుంది. పన్నుల తేడా, సంక్షేమ పథకాలు, ఉద్యోగాల లెక్క చూసి యానాంలో చాలామంది పుదుచ్చేరితోనే బావుందంటారు. అది నిజమే కావచ్చు. ఈసారైనా ఆ మాట యానాం ఓటరు నోటితో, బ్యాలెట్టు మీద వినాలని నా కోరిక. ఎమ్మెల్యేలు, మంత్రులు చేసే తీర్మానాలతో సరిపెడితే అది కీళూరు పద్ధతే అవుతుంది.